మా బాబాయి ఇంట్లో చచ్చిపోయినవాళ్లు

మీకెప్పుడైనా మా బాబాయి ఇంటికి వెళ్లే పని పడితే ఒక్క సలహా చెబుతాను, గుర్తుపెట్టుకోండి. "మీరేం చేస్తుంటారు?" అని ఆయన అడుగుతాడు. చచ్చినా నిజం చెప్పకండి. మీరు ఏ పని చేస్తానంటే, సరిగ్గా ఆ పనే చేసేవాడొకడు ఆ ఇంట్లో చచ్చిపోయి ఉంటాడు. అదీ మామూలు చావు కాదు, ఘోరమైన చావు. అదీ మీరు కూర్చున్న కుర్చీలోనే.

మా బాబాయికి ఉన్న జబ్బల్లా ఇదొక్కటే. మిగతా విషయాల్లో వెన్నలాంటి మనిషి. ఎదురుగా చీమల బారు వస్తుంటే అది దాటేదాకా నిలబడి దారిచ్చే రకం. ఆయన ఉండేది ఊరికి దూరంగా, కొండ మీద, చెట్ల మధ్య ఒంటరిగా ఉన్న ఒక చెక్క ఇంట్లో. ఆ ఇంటి ముందు నుంచే ఒక కాలిబాట వెళ్తుంది. ఆ బాటన పోతే లోయ మీద పాత చెక్క వంతెన, అది దాటితే రైల్వే స్టేషన్. రోడ్డున వెళ్తే కొండంతా చుట్టి రావాలి గనుక తొందరలో ఉన్నవాళ్లు ఈ అడ్డదారి పట్టేవాళ్లు. మా బాబాయి వరండాలో కాపు కాసి, కనిపించిన ప్రతివాణ్ణీ కేకేసేవాడు.

"ఏమండోయ్! ఎండన పడి వస్తున్నట్టున్నారు, కాసిని మంచినీళ్లు తాగి వెళ్లండి!"

ఏకాంతం కోసం అడవిలో కాపురం పెట్టిన రచయిత దారిన పోయేవాళ్లను ఇలా ఎందుకు పిలుస్తాడని మీకు అనుమానం రావాలి. మాకు రాలేదు.

ఒకసారి నా కళ్లముందే ఒక దర్జీ వచ్చాడు. చేతిలో సంచి, మెడలో టేపు. నీళ్ల గ్లాసు అందిస్తూ బాబాయి మామూలుగానే అడిగాడు.

"ఏం చేస్తుంటారు?"

"టైలర్నండీ. బండికి టైమవుతోంది, వంతెన మీంచి పోదామని..."

బాబాయి ముఖం మాడిపోయింది. "అయ్యయ్యో, టైలరా!"

"ఏం? ఏమైందండీ?"

"ఏం లేదు, ఏం లేదు. మీరు నీళ్లు తాగండి. కాలు మాత్రం కాస్త వెనక్కి తీసుకోండి, ఆ మరక మీద పడుతోంది."

దర్జీ కిందికి చూశాడు. కుర్చీ కింద చెక్కల మీద చాటంత ఎర్రటి మరక. "ఏం మరకండీ ఇది?"

"ఆయనదే. పాపం, ఆయనా టైలరే. కత్తెర చేతిలో ఉండగానే పోయాడట. పోయినవాడు పోయినట్టుంటే బాగుండేది. పొద్దు వాలితే చాలు, వంతెన దారిలో తిరుగుతుంటాడు. ఎదురైనవాళ్లను ఆపి కొలతలు తీసుకుంటాడు."

దర్జీ గుటకలు మింగాడు. "కొలతలా? దేనికి?"

"చొక్కాకి మాత్రం కాదు," అన్నాడు బాబాయి.

అంతే! ఆ మనిషి గ్లాసు అక్కడ పెట్టి, వచ్చిన దారినే కాలికి బుద్ధి చెప్పాడు. ఎడమకాలి చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది. "ఏమండీ, మీ చెప్పు!" అని నేను అరుస్తుంటే ఇంకా వేగం పెంచాడు.

బీమా ఏజెంటు వచ్చిన రోజున ఆ మరక బీమా ఏజెంటుదయింది. ఆ దెయ్యం వంతెన మొదట్లో నిలబడి, వచ్చేవాడి పేరు అడగకుండా "నామినీ ఎవరు?" అని మాత్రం అడుగుతుందట. పళ్ల డాక్టరు వచ్చిన రోజున ఆ దెయ్యం నోరు తెరవమనేది. రిటైరైన లెక్కల మాస్టారికి ఎక్కాలు అప్పజెప్పమనే దెయ్యం దొరికింది. ఆయన పదమూడో ఎక్కం గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. ఈసారి బాబాయి దొరికిపోతాడని నేను ఆశపడ్డది తేనెటీగలు పెంచే ఆయన వచ్చినప్పుడు. ఆ వృత్తిలో దెయ్యాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? బాబాయి రెప్ప కూడా వెయ్యలేదు. "ఆయన ఒక్కడే పోలేదండీ, ఈగలతో సహా పోయాడు. ఆ రొద మీకు వినిపించట్లా?" అన్నాడు. నాకు నిజంగానే వినిపించింది!

కుర్చీ ఒకటే, మరక ఒకటే. అంతమంది అందులో ఎలా సర్దుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

తమాషా ఏమిటంటే, మా బాబాయి రాసేవి మెత్తటి ప్రేమ నవలలు. వాటిలో ఒక్క ప్రాణం పోదు. ఒకటో పేజీలో జ్వరం వచ్చినవాడు మూడో పేజీకల్లా లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. "మీ బాబాయి కథల్లో చావు లేదే!" అని మా అమ్మ అంటే, "ఎందుకుంటుంది? ఉన్న చావులన్నీ ఇంట్లో వాడేస్తున్నాడుగా," అనేవాడు మా నాన్న. ఏకాంతం చెడగొట్టకుండా జనాన్ని తరమడానికి ఈ నాటకమని మా ఇంట్లో అందరి నమ్మకం.

నాటకమైతే నాకు భయం ఉండేది కాదు. నా ప్రాణం తోడేసిన సంగతి ఏమిటంటే, చెప్పగా చెప్పగా ఆ దెయ్యాలు బాబాయికే నిజమైపోయాయి. ఖాళీ కుర్చీ పక్కనుంచి వెళ్తూ "టైలర్ గారూ, కాస్త కాళ్లు ముడుచుకోండి," అనేవాడు. పైకప్పు కిర్రుమంటే "బీమా ఆయన లేచినట్టున్నాడు," అనేవాడు. పెరట్లో బట్టలు తేవాలన్నా తోడు రమ్మనేవాడు. నేను తోడు వెళ్తే, నాకంటే ముందు ఆయనే వణికేవాడు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తీగ మీది తువ్వాలు లాక్కుని, ఒక్క పరుగున లోపలికొచ్చి గడియ వేసుకునేవాళ్లం.

ఇక వెనక గది. దానికి ఎప్పుడూ తాళం.

"అందులో ఏముంది బాబాయ్?"

"వాళ్ల సామాన్లు."

"ఎవరివి?"

"నీకెందుకమ్మడూ? టీ తాగుతావా?"

ఇంకో భయం కూడా ఉంది, ఎవరికీ చెప్పుకోలేనిది. అందరికీ ఒక చరిత్ర చెప్పిన బాబాయి నాకు మాత్రం ఏనాడూ చెప్పలేదు. నేను చదువు పూర్తిచేసి ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరిన తర్వాత కూడా, ఈ ఇంట్లో సబ్ ఎడిటర్ ఒకతె పోయిందని అనలేదు. నా చావు ఇంకా రాస్తున్నాడేమోనని నాకు అనుమానం.

అలాంటి ఇంటికే మా ఎడిటర్ నన్ను పంపాడు. 'రచయితల ఇళ్లు' అని మా పత్రికలో ఒక శీర్షిక నడుస్తోంది.

"ఈసారి మీ బాబాయి గారి కుటీరం. పుట్టుపూర్వోత్తరాలన్నీ రావాలి. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఆయన ఎందుకు చేరారు. అసలు చరిత్ర కావాలమ్మా, కట్టుకథలు కాదు," అన్నాడు. "అచ్చవగానే పాఠకులకు విహారయాత్ర పెడదాం. రైలు దిగి, వంతెన దాటి, నేరుగా కుటీరానికి! ఒక బోగీ నిండా జనాన్ని తీసుకెళ్దాం."

నాకు తోడుగా ఒక ఫొటోగ్రాఫర్ని ఇచ్చాడు. ఆ మనిషికి ధైర్యమనే జబ్బు. అగ్నిప్రమాదం ఫొటో తియ్యబోయి మీసం కాల్చుకున్నాడు. ఆ మీసం సగమే ఉన్నా దాన్నే దువ్వుకుంటూ తిరిగేవాడు.

మేం వెళ్లిన మధ్యాహ్నం కొండంతా పొగమంచు కమ్మేసి ఉంది. రోడ్డు దగ్గర కారు దిగి నడుస్తుంటే ముందు వెళ్లే ఫొటోగ్రాఫర్ వీపు కూడా నాకు సరిగా కనిపించడం లేదు. ఇల్లు ఒక్కసారిగా మా ముందు ప్రత్యక్షమైంది. వరండాలో బాబాయి.

విహారయాత్ర మాట చెప్పగానే ఆయన తాగుతున్న కప్పు కింద పెట్టేశాడు.

"ఎంతమంది వస్తారమ్మడూ?"

"బోగీ నిండా."

"వంతెన మీంచా?"

"దగ్గర దారి అదేగా బాబాయ్."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. అంత భయం నేను ఆయనలో ఎన్నడూ చూడలేదు. ఈ ఇంటికి జనం వస్తే ఏం బయటపడుతుందని ఈ మనిషికింత భయం?

తేరుకుని ఆయన ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు. "మీరేం చేస్తుంటారు?"

నేను కళ్లతో సైగ చేశాను. లాభం లేకపోయింది. "కనిపించట్లేదా సార్, ఫొటోగ్రాఫర్ని!"

"అయ్యయ్యో, ఫొటోగ్రాఫరా!" బాబాయి మొదలుపెట్టాడు. అదే కుర్చీ, అదే మరక. ఎవరో ఫొటోగ్రాఫర్ ఆ కుర్చీలో కూర్చుని తన ఫొటో తనే తీసుకున్నాడట. కడిగి చూస్తే ఫొటోలో కుర్చీ ఉంది, మనిషి లేడు. అప్పట్నుంచి ఆయన వంతెన దారిలో తిరుగుతూ "ఒక్క ఫొటో, ఒక్క ఫొటో" అని వెంటపడతాడు. ఆయన ఎవరి ఫొటో తీస్తే వాళ్లు మళ్లీ ఏ ఫొటోలోనూ కనిపించరు.

నాకు ముచ్చెమటలు పట్టాయి. ఫొటోగ్రాఫర్ కళ్లు మాత్రం దీపాల్లా వెలిగాయి.

"నిజంగానా సార్? కనిపిస్తాడా?"

బాబాయి తడబడ్డాడు. "కనిపిస్తాడు... అందుకే ఎవరూ అటు..."

"పొగమంచులో కూడా?"

"ముఖ్యంగా పొగమంచులోనే! అందుకే చెప్తున్నా, అటు మాత్రం..."

"అదిరిపోయింది సార్! కవర్ పేజీ!"

ఇన్నాళ్లలో దెయ్యం ఉందంటే వెనక్కి పరిగెత్తినవాళ్లే గానీ ముందుకి ఉరికినవాడు బాబాయికి తగల్లేదు. "ఆ... ఆయన ఇవాళ సెలవు," అన్నాడు నీరసంగా. ఫొటోగ్రాఫర్ పకపకా నవ్వాడు.

నేను వంటగదిలో టీ కలిపి, కప్పులు పట్టుకొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కెమెరా సంచి లేదు. స్వెటర్ తెచ్చుకోవడానికి పడకగదిలోకి వెళ్లిన బాబాయి అప్పుడే బయటికొచ్చి కుర్చీ వైపు చూశాడు.

"వాడేడీ?"

"ఇక్కడే ఉన్నాడు బాబాయ్..."

"చంపాడురా దేవుడా!" అంటూ ఆయన వెనక గది వైపు పరిగెత్తాడు. తాళం తీశాడు. లోపలినుంచి మోకు చుట్ట ఒకటి భుజాన వేసుకొచ్చాడు. గుమ్మం దాటుతూ నా వైపు వేలు చూపించి "నువ్వు కదలకు! గడియ వేసుకో!" అని, పొగమంచులో కలిసిపోయాడు. తువ్వాలు తేవడానికి తోడు కావాలనే మనిషి, ఒంటరిగా!

గడియ వేసుకోబోతూ చూశాను. వెనక గది తలుపు తెరిచే ఉంది.

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. గోడ పొడవునా చెక్క అర. అర మీద చెప్పులు. వరసగా, దుమ్ము దులిపి పెట్టిన చెప్పులు. జతలు కావు, ఒక్కొక్కటే. ప్రతి చెప్పుకీ దారంతో కట్టిన చీటీ. 'టైలర్ గారు.' 'బీమా ఆయన.' 'లెక్కల మాస్టారు.' 'తేనెటీగల పెద్దమనిషి.' వాటి పక్కన గొడుగులు, ఒక కళ్లజోడు, ఒక టోపీ. చివర్లో అర కొంచెం ఖాళీగా ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. టైలర్ పారిపోవడం నా కళ్లతో చూశాను, సరే. కానీ ఆ తర్వాత? ఆయన ఇల్లు చేరాడని నాకెవరు చెప్పారు? చరిత్రలన్నీ నిజమేనా? ముందు చెప్పి, తర్వాత చేస్తాడా ఈయన? చీమకి దారిచ్చే మా బాబాయేనా? ఇప్పుడు మోకు తీసుకుని ఎక్కడికి పోయాడు? ఆ ఖాళీ ఎవరికి?

పారిపోవచ్చు, రోడ్డు ఇటే ఉంది. కానీ ఫొటోగ్రాఫర్ని తీసుకొచ్చింది నేను. చేతికి దొరికిన గొడుగు ఒకటి పట్టుకుని వంతెన దారిన పడ్డాను. ఎదురుగా బారెడు దూరం కూడా కనిపించడం లేదు. చెట్ల మీంచి నీటిచుక్క పడితే టేపు మెడకి తగిలినట్టు ఉలిక్కిపడ్డాను.

ఇంతలో అరుపు వినిపించింది.

"సార్! వద్దు సార్! మీరు దగ్గరికి రావద్దు సార్!"

ఆ వెంటనే మా బాబాయి గొంతు. "నోర్ముయ్! కదలకు! కదిలావంటే చచ్చావురా!"

గొడుగు కర్రలా పైకెత్తి "బాబాయ్, వదిలెయ్ వాణ్ణి!" అని కేకేస్తూ దూసుకుపోయాను.

"వదిలితే లోయలో పడతాడే పిచ్చిమొహమా!" అని బాబాయి అరిచాడు.

అప్పుడు కనిపించింది. వంతెన చెక్క ఒకటి విరిగి, ఆ సందులో ఫొటోగ్రాఫర్ చంకల దాకా దిగబడి ఉన్నాడు. కింద కాళ్లు గాల్లో ఆడుతున్నాయి. ఒక చేత్తో చెక్క పట్టుకున్నాడు, రెండో చేత్తో కెమెరా పైకెత్తి పట్టుకున్నాడు. మా బాబాయి పుచ్చిపోయిన చెక్కల మీద బోర్లా పడుకుని, బల్లిలా పాకుతూ వాడి చంకల కింద మోకు చుడుతున్నాడు. ఆయన ఒళ్లంతా వణుకుతోంది. ఆ వణుకుకి వంతెన వణుకుతోంది.

"సార్, ముందు కెమెరా పట్టుకోండి సార్!"

"నీ మొహం! ముందు నిన్ను పట్టుకోనీ! అమ్మడూ, రాతి గట్టు దాటి ఒక్క అడుగు వెయ్యకు. మోకు చివర ఆ స్తంభానికి కట్టా. పట్టుకుని లాగు!"

గొడుగు విసిరేసి మోకు పట్టుకున్నాను. లాగాను. కదల్లేదు. చెక్క ఒకటి పటపటమంది. బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని, ఏడుపు గొంతుతో అందరినీ పిలవడం మొదలుపెట్టాడు.

"టైలర్ గారూ! బీమా ఆయనా! మాస్టారూ! ఇన్నాళ్లు ఇంట్లో పెట్టుకున్నాను, తలా ఒక చెయ్యి వెయ్యండయ్యా!"

ఎవరు వేశారో నాకు తెలియదు. మోకు కదిలింది. ఫొటోగ్రాఫర్, కెమెరా, వాళ్ల వెనకే మా బాబాయి, ముగ్గురూ ఒక్క మూటగా గట్టు మీద వచ్చి పడ్డారు. బూటొకటి మాత్రం లోయలోకి వెళ్లిపోయింది. అది అడుగున పడిన చప్పుడు మాకు ఎంతకీ వినపడలేదు.

ఇంటికొచ్చి ముగ్గురం చల్లారిన టీ గడగడా తాగేశాం. ఫొటోగ్రాఫర్ పళ్లు టకటకలాడుతున్నాయి. మీసం దువ్వుకోవడం కూడా మర్చిపోయాడు.

"బాబాయ్," అన్నాను, "ఈ ఇంటి అసలు చరిత్ర చెప్పు. ఎవరూ చావకుండా చెప్పు."

"చరిత్రా పాడా! ఇది వంతెన కావలివాడి ఇల్లు," అన్నాడు బాబాయి. "ఒక నవల పూర్తిచేసుకుందామని వానాకాలం వెళ్లేదాకా అద్దెకొచ్చా. అప్పటికే చెక్కలు పుచ్చిపోయాయి. కావలివాడు దారిలో నిలబడి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. ఆయనకి రిటైర్‌మెంట్ వచ్చింది. వెళ్తూ వెళ్తూ, 'కొత్తవాడు వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండండి సార్' అన్నాడు. సరే అన్నా."

"ఎప్పుడు?"

"అప్పటికి నీకు పాలపళ్లు ఊడుతున్నాయి."

"మరి కొత్తవాడు?"

"దారిలో ఉన్నాడనుకుంటా."

పత్రికలన్నీ ఆయన్ని ఏకాంతవాసి అన్నాయి, ప్రకృతి ప్రేమికుడన్నాయి. ఈయన ఎవరికో మాటిచ్చి, ఆ కొత్తవాడి కోసం వరండాలో కూర్చుని ఉన్నాడు!

"మరి వంతెన పాడైందని నిజం చెప్పొచ్చుగా సార్?" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"చెప్పలేదనుకున్నావా? మొదట్లో అందరికీ నిజమే చెప్పా. 'మేం జాగ్రత్తగా వెళ్తాంలెండి' అనేవాళ్లు. 'ప్రమాదం' అని ఎర్ర రంగుతో బోర్డు రాశా. ఇదిగో, ఆ డబ్బా ఒలికిన మరకే ఇది. బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ముందున్న చెక్కలు నాలుగు ఊడదీశా. ఎవడో దుంగ వేసుకుని దాటాడు. వంతెనల ఆఫీసుకి వెళ్తే 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఒకనాడు విసుగొచ్చి, ఒక తాళాలు బాగుచేసే ఆయనతో 'అక్కడో తాళాలవాడు చచ్చాడయ్యా, దెయ్యమై తిరుగుతున్నాడు' అన్నా. మళ్లీ అటు తిరిగి చూస్తే ఒట్టు!"

"ఎవరి వృత్తి వాళ్లకే ఎందుకు బాబాయ్?"

"ఇంకెవరో పోయారంటే మనిషికి అది కబురు. తనలాంటివాడు పోయాడంటేనే భయం."

"మరి ఆ చెప్పులు?"

"భయపడి వదిలేసి పోతారు. ఎప్పుడైనా వచ్చి అడుగుతారేమోనని చీటీ కట్టి పెట్టా." కొంచెం సిగ్గుపడి అన్నాడు, "ఒంటికాలి చెప్పుతో ఇంటికి పోయారు పాపం. అదొక్కటే నాకు బాధ."

హంతకుడనుకున్నాను ఈ మనిషిని! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, టీ పొలమారింది.

విహారయాత్ర మాత్రం మా నెత్తిన అలాగే ఉంది. "వంతెన పాడైందని పత్రికలో రాస్తా బాబాయ్," అన్నాను.

"రాయి. చదివి జాగ్రత్తగా వస్తారు."

అదీ నిజమే. ఒకటికి రెండుసార్లు ఆలోచించి, ఎడిటర్ వద్దన్న కట్టుకథే రాసిచ్చాను. అభిమాన రచయితని చూడాలని ఒక పాఠకుడు రైలు దిగి వంతెన దారిన బయల్దేరి చచ్చిపోయాడనీ, చేతిలో మా వారపత్రికే ఉందనీ, అప్పట్నుంచి ఆ దారిన వచ్చే ప్రతి పాఠకుడి భుజం మీంచి తొంగిచూసి 'ఈ వారం సీరియల్లో ఏమైంది?' అని అడుగుతాడనీ రాశాను. చివర్లో ఇంకొక్క మాట కలిపాను. ఆ దారిలోని దెయ్యాలన్నీ కలిసి ఈ వంతెన ఏ ఇంజనీరు కిందికి వస్తుందా అని ఆరా తీస్తున్నాయని.

ఎడిటర్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అసలు చరిత్ర అడిగితే దెయ్యాలేమిటమ్మా?"

నా వెనకనుంచి ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చాడు. "ఉన్నాయి సార్. నా బూటు లాక్కున్నాయి." జన్మలో దేనికీ భయపడని మనిషి అలా అనేసరికి ఎడిటర్ కాగితాలు ప్రెస్సుకి పంపేశాడు. వ్యాసం అచ్చయింది. విహారయాత్రకి ఒక్క పాఠకుడు కూడా పేరివ్వలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కొండ మీదికి ఒక జీపు వచ్చిందట. దిగినాయన దర్పంగా వరండా ఎక్కాడట. ఇది బాబాయి నాకు చెప్పిందే. ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఆ జీపు పెద్దదవుతూ వచ్చింది.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడట బాబాయి.

"వంతెనల ఇంజనీర్ని. ఏవో పిచ్చిరాతలు రాయించారట. ఏదీ, మా ఇంజనీరెవరైనా ఇక్కడ చచ్చాడా?"

"అబ్బే, లేదండీ. ఇంజనీర్లెవరూ చావలేదు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకా చావలేదు," అన్నాడు బాబాయి. "మిగతావాళ్లంతా ఆయన కోసమే ఎదురుచూస్తున్నారు." అని మర్యాదగా వెనక గది తలుపు తీసి, ఒంటికాలి చెప్పుల వరసనీ, చివర్లో ఉన్న ఖాళీనీ చూపించాడట. ఇంజనీరు గారి చూపు ఆ ఖాళీ మీంచి తన బూట్ల మీదికి దిగిందట.

వారం తిరక్కుండా కొండ మీదికి కొత్త చెక్కలు, ఇనుప తాళ్లు, మనుషులు వచ్చారు. పరిశీలన అయిపోయింది.

మొన్న నేను మొదటిసారి స్టేషన్లో దిగి, కొత్త వంతెన మీదుగా బాబాయి ఇంటికి నడిచి వెళ్లాను. మధ్యలో కాసేపు ఇనుప తాడు పట్టుకుని నడిచాను, పాత భయం కొద్దీ. వరండాలో ఒక రంగులు వేసే ఆయన కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు.

"పెయింటరా! ఇక్కడో పెయింటర్ ఉండేవాడండీ," అంటున్నాడు బాబాయి. "నూరేళ్లు బతికాడు. ఒక్క పన్ను ఊడలేదు. ఆ మరక ఆయన చేతిదే, ఎంత మంచి రంగో చూడండి, ఈ రోజుకీ చెక్కు చెదరలేదు. అదిగో, వంతెన దారి అటే. నిశ్చింతగా వెళ్లిరండి."

ఆయన నవ్వుకుంటూ రెండు కాళ్లకీ చెప్పులు తొడుక్కుని వెళ్లాడు. నేను ఆ కుర్చీలో కూలబడ్డాను.

"బాబాయ్, ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. అందరికీ చరిత్ర చెప్పావు, నాకెందుకు చెప్పలేదు? ఈ ఇంట్లో సబ్ ఎడిటర్ ఎవరూ చావలేదా?"

"ఛ, నోర్ముయ్! అవేం మాటలు?" బాబాయికి నిజంగానే కోపం వచ్చింది. "నిన్ను నా నోటితో ఎలా చంపనే? ఉత్తుత్తికి కూడా నోరు రాలేదు."

"పోనీ ఇప్పుడు చెప్పు," అన్నాను.

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "ఉండేదిలే ఒకతె. సబ్ ఎడిటరే. తెలివైంది."

"ఏమైంది?"

"ఏమవుతుంది? సెలవు దొరికినప్పుడల్లా వాళ్ల బాబాయిని చూడ్డానికి వచ్చేది."

"దొరికినప్పుడల్లానా? నేను పండక్కో పబ్బానికో తప్ప..."

"చరిత్ర తల్లీ! అలాగే ఉంది. నేను మార్చలేను."

సాయంత్రం తిరుగు బండి ఎక్కే ముందు, ఇంట్లో వేసుకోవడానికి తెచ్చుకున్న చెప్పులు వెనక గది అరలో చివరి ఖాళీలో పెట్టాను. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న బాబాయి జేబులోంచి దారం తీసి, చీటీ మీద 'మా అమ్మడు' అని రాసి కట్టాడు. ఆ అర మొత్తంలో రెండు కాళ్లకీ ఉన్న జత అదొక్కటే.